పరమాణువును ఎవరూ చూడకముందే ఉందని ఎలా తేల్చారు?

#1 సందేహాలరాయుడు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా బుర్ర తొలిచేస్తున్న డౌటు ఒకటుంది. పాఠ్యపుస్తకంలో పరమాణువు పాఠం తీస్తే డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ వరసగా వస్తారు. వచ్చినవాడల్లా ముందువాడిది తప్పని చెప్పి, తన బొమ్మ గీసి పోతాడు. పరీక్షకి అది చాలు. కానీ ఏ సూక్ష్మదర్శినిలోనూ కనపడని వస్తువు ఉందని 1808లో డాల్టన్ అంత ధైర్యంగా ఎలా రాశాడు? అది నమ్మకమా, ఊహా, లెక్కా? బొమ్మల వరస నాకు తెలుసు. ఎలా తెలిసిందో ఆ కథ ఎవరైనా చెప్పండి.

#2 కెమిస్ట్రీ టీచరమ్మ

లెక్కే. అదీ త్రాసు మీద తేలిన లెక్క.

కార్బన్, ఆక్సిజన్ కలిస్తే రెండు వేర్వేరు వాయువులు వస్తాయి. 3 గ్రాముల కార్బన్ తీసుకుంటే ఒకదానికి 4 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది, రెండోదానికి 8 గ్రాములు. సరిగ్గా రెట్టింపు. మధ్యలో ఐదున్నరకో ఆరుంపావుకో ఇంకో వాయువు వస్తుందేమో అంటే రాదు. పదార్థాన్ని ఎంత కావాలంటే అంత కోసుకోగలిగితే ఈ పట్టింపు దేనికి? ఒక కార్బన్‌కి ఒక ఆక్సిజనో, రెండు ఆక్సిజన్లో అతుక్కోవాలి తప్ప ఒకటింబావు అతుక్కోదు అనుకుంటే మాత్రం అంతా కుదిరిపోతుంది. డాల్టన్ పట్టుకున్న కొస అదే.

1803 నాటికే ఆయన నోటుబుక్కులో పరమాణు భారాల మొదటి పట్టిక ఉంది. తమాషా ఏమిటంటే ఆయన ఇటు వచ్చింది గాలి గురించి ఆలోచిస్తూ. 1787 నుంచి చనిపోయేదాకా వాతావరణం వివరాలు రాసుకున్న మనిషి. గాలిలో రకరకాల వాయువులు బరువు ప్రకారం అడుగుకి చేరకుండా ఎలా కలిసి ఉంటున్నాయన్నది ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న.

#3 ఆదివారం పాఠకుడు

కథ డాల్టన్ దగ్గర మొదలవుతుందని ఎవరన్నారు? మన కణాదుడు పరమాణువు గురించి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చెప్పాడు కదా. గ్రీకుల డెమోక్రిటస్‌నైనా తలుచుకుంటారు గానీ ఆయన్ని మాత్రం వదిలేస్తారు. ఇదేం న్యాయం?

#4 నిదానం

వదిలెయ్యక్కర్లేదు. అయితే ఆయన ఏం చెప్పాడో చూసి మాట్లాడుకుందాం. 'ముందే చెప్పాడు' అనేసి దండం పెట్టి వదిలేస్తే ఆయన్ని చదవనట్టే.

వైశేషికుల (కణాదుడి దర్శనాన్ని అనుసరించినవాళ్ళ) లెక్కలో పరమాణువులు నాలుగు రకాలు: భూమి, నీరు, నిప్పు, గాలి. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు త్ర్యణుకం, కంటికి ఆనే వాటిలో అదే అతి చిన్నది. పరమాణువు ఎందుకు ఉండాలి అనేదానికి ఆ సంప్రదాయం చెప్పిన వాదన నాకు భలే ఇష్టం. దేన్నైనా అంతూపొంతూ లేకుండా ముక్కలు చేస్తూ పోగలిగితే ఆవగింజలోనూ అనంతమైన ముక్కలే, మేరు పర్వతంలోనూ అనంతమైన ముక్కలే. మరి రెండూ ఒకే పరిమాణంలో ఎందుకు లేవు? కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాలి.

దీనికి వసుబంధుడనే బౌద్ధ పండితుడు గట్టి దెబ్బే కొట్టాడు. పరమాణువుకి నాలుగు దిక్కులా, పైనా, కిందా మరో ఆరు పరమాణువులు ఆనుకున్నాయనుకోండి. అప్పుడు దానికి ఆరు వైపులు ఉన్నట్టే. వైపులుంటే భాగాలున్నట్టే. భాగాలుంటే అది విడగొట్టలేనిది ఎలా అవుతుంది?

చూశారా, రెండు పక్షాలూ తర్కంలో ఎవరికీ తీసిపోవు. కానీ ఏ పక్షమూ పరమాణువుకి బరువు కట్టలేదు. కొలిచి చూస్తే ఓడిపోయే అవకాశం ఉన్న మాట ఏదీ అనలేదు. డెమోక్రిటస్‌దీ ఇదే పరిస్థితి. డాల్టన్ మొదటివాడయ్యింది పరమాణువు ఉందన్నందుకు కాదు, దాని బరువు ఇంత అని అంకె వేసినందుకు. వేశాడు కాబట్టే దొరికిపోయాడు కూడా.

#5 సందేహాలరాయుడు

దొరికిపోవడమేంటి?

#6 కెమిస్ట్రీ టీచరమ్మ

నీళ్ళ దగ్గర దొరికాడు. రెండు మూలకాలకి ఒకే ఒక్క సంయోగ పదార్థం తెలిసి ఉంటే అందులో ఒకటికి ఒకటి చొప్పున ఉంటాయని డాల్టన్ అనుకున్నాడు. అప్పటికి తెలిసింది నీరొక్కటే కాబట్టి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అన్నాడు. హైడ్రోజన్ 1 అయితే ఆక్సిజన్ 7 అని 1808 పుస్తకంలో వేశాడు. తూకాలు మెరుగయ్యాక అది 8 అయ్యింది. అసలు సంగతి 16.

అదే ఏడాది గే-లుస్సాక్ వాయువుల ఘనపరిమాణాలు కొలిచి, రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ళ ఆవిరి వస్తుందని తేల్చాడు. ఒక పాలు ఆక్సిజన్ రెండు పాళ్ళ ఆవిరిలో పంచుకుపోవాలంటే ఆక్సిజన్ కణం రెండుగా చీలాలి. పరమాణువు చీలదని కదా సిద్ధాంతం! డాల్టన్ ఒప్పుకోలేదు, గే-లుస్సాక్ కొలతల్నే శంకించాడు. 1811లో అవొగాడ్రో ముడి విప్పాడు: ఆక్సిజన్ వాయువులో తిరిగేది ఒంటరి పరమాణువు కాదు, జంట. చీలేది ఆ జంట. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో అణువుల సంఖ్య సమానం.

ఆ మాటని దాదాపు 50 ఏళ్ళు ఎవరూ చెవిన పెట్టలేదు. ఫలితంగా రసాయన శాస్త్రం ఎంత గందరగోళంగా తయారైందంటే, 1861లో కెకూలే తన పుస్తకంలో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి అప్పట్లో వాడుకలో ఉన్న ఫార్ములాలు 19 వరసగా రాసి చూపించాడు. పదార్థం ఒకటే! 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో వందకు పైగా రసాయన శాస్త్రవేత్తలు ఈ గొడవ తేల్చుకుందామని కూర్చున్నారు. తేలలేదు. కానీ అవొగాడ్రో సూత్రంతో భారాలన్నీ ఎలా సరిపోతాయో వివరించే కన్నిజ్జారో కరపత్రం అక్కడ చేతులు మారింది. ఆ సభలో ఉన్న కుర్రాళ్ళలో మెండలీఫ్ ఒకడు. 1869 నాటి ఆవర్తన పట్టికకి సరైన పరమాణు భారాలు దొరికిన దారి ఇది.

#7 కొత్తగా చేరా

మేడమ్, అయితే 1869 తర్వాత అందరూ పరమాణువు ఉందని ఒప్పేసుకున్నట్టేనా?

#8 గ్రాఫ్‌పేపర్

ఎక్కడ! లెక్కలకి పనికొచ్చే ఊహ అన్నారు తప్ప ఉన్నదని చాలామంది అనలేదు. భౌతిక శాస్త్రవేత్త మాక్, రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ లాంటి పెద్ద తలకాయలు 20వ శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా అడ్డం తిరిగారు. కనపడనిదాన్ని ఉందని చెప్పడం శాస్త్రమెలా అవుతుందన్నది మాక్ పట్టు. చిన్నచూపు చూడకండి, రాయుడు గారు మొదట అడిగిన ప్రశ్న కూడా అదే కదా.

ఈ గొడవని ముగించిన ప్రయోగం పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నాకైతే మొత్తం కథలో ఇదే ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్ష శాస్త్రవేత్త, పుప్పొడి రేణువుల లోపలి నుంచి వచ్చిన సన్నని కణాలు నీళ్ళలో ఆగకుండా అల్లాడడం చూశాడు. (పుప్పొడి రేణువే కదిలిందని చాలాచోట్ల రాస్తారు, అది దానికి చాలా పెద్దది.) ప్రాణం ఉన్నందుకు కదులుతున్నాయేమో అనుకుని రాతిపొడితోనూ చేశాడు, అదీ అల్లాడింది. 1905లో ఐన్‌స్టీన్ దీనికి లెక్క కట్టాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ కొడుతున్నాయి, ఏ క్షణంలోనూ దెబ్బలు సరిసమానం కావు, అందుకే కణం తూలుతుంది. ఎంత సమయంలో ఎంత దూరం జరుగుతుందో కొలిస్తే అణువుల సంఖ్య బయటపడుతుంది.

కొలిచినవాడు ప్యారిస్‌లో జాన్ పెర్రిన్. ఆయన తీసుకున్నది గాంబోజ్ అనే పసుపుపచ్చటి చెట్టు జిగురు. నీళ్ళలో రుద్దితే సన్నని గుండ్రటి రేణువులుగా విడిపోతుంది. అన్నీ ఒకే సైజువి కావాలి కాబట్టి వేగంగా గిరగిరా తిప్పే యంత్రంలో మళ్ళీ మళ్ళీ వడపోశాడు. కిలో జిగురుతో మొదలుపెట్టి నెలల తరబడి కష్టపడితే చివరికి చేతికి వచ్చింది గ్రాములో కొన్ని పదో వంతులు. ఒక్కో రేణువు వ్యాసార్థం 0.212 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

ఆ రేణువులు కలిపిన నీటిబొట్టుని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో ఎత్తు దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. అడుగున 100 ఉంటే 30 మైక్రాన్లు పైకి పోతే 47, ఇంకో 30 పైకి 23, ఇంకో 30 పైకి 12. ప్రతి 30 మైక్రాన్లకీ ఇంచుమించు సగం.

ఇదే తీరు మన పైన ఉన్న గాలిలోనూ ఉంది. అచ్చంగా ఆక్సిజనే ఉన్న వాతావరణం ఊహించుకుంటే, సాంద్రత సగం కావడానికి 5 కిలోమీటర్లు ఎక్కాలి. రేణువుకి సరిపోయింది 30 మైక్రాన్లు. భాగించండి: దాదాపు 17 కోట్లు. అంటే నీటిలో ఆ రేణువుకి మిగిలే బరువు (నీరు పైకి తోసేది తీసేశాక), ఆక్సిజన్ అణువు బరువుకి సుమారు 17 కోట్ల రెట్లు. రేణువు బరువు తెలుసు, కాబట్టి అణువు బరువు తెలిసినట్టే! అక్కడి నుంచి అవొగాడ్రో సంఖ్యకి (32 గ్రాముల ఆక్సిజన్‌లో ఎన్ని అణువులుంటాయో ఆ సంఖ్యకి) ఒక్క అంగ. ఆయనకి 6.8×10²³ చుట్టుపక్కల వచ్చింది, ఇవాళ్టి విలువ 6.022×10²³.

మరీ ముఖ్యమైనది ఏమిటంటే, రేణువుల తూలుడు నుంచీ, ఎత్తుల లెక్క నుంచీ, ఒకదానికొకటి సంబంధం లేని ఇంకా ఎన్నో దారుల నుంచీ ఇంచుమించు అదే సంఖ్య వచ్చింది. లేని వస్తువుకి ఇన్ని దారుల్లో ఒకే లెక్క రాదు. 1909 కల్లా ఓస్ట్‌వాల్డ్ ఒప్పుకున్నాడు. పెర్రిన్‌కి 1926లో నోబెల్ వచ్చింది. పరమాణువుల తరఫున జీవితాంతం పోట్లాడిన బోల్ట్జ్‌మన్ మాత్రం 1906లోనే పోయాడు.

#9 సందేహాలరాయుడు

అన్నా, 100, 47, 23, 12... కాగితం మీద రాసుకున్నా. ఇంత చక్కటి విషయం పుస్తకంలో ఎందుకు పెట్టరు?

#10 ఆదివారం పాఠకుడు

ఒక్క క్షణం. ఎలక్ట్రాన్‌ని థామ్సన్ 1897లోనే కనిపెట్టాడు కదా. పరమాణువు ఉందో లేదో 1909 దాకా తేలకపోతే, అందులోని ముక్క 12 ఏళ్ళ ముందే ఎలా దొరికింది?

#11 గ్రాఫ్‌పేపర్

మంచి పాయింటు. అదే జరిగింది, చరిత్ర పాఠం వరసలో నడవలేదు. కాథోడ్ కిరణాలు (గాలి తీసేసిన గాజు గొట్టంలో రుణ ధ్రువం నుంచి వచ్చేవి) అయస్కాంతానికీ విద్యుత్తుకీ ఎంత వంగుతున్నాయో చూసి, వాటిలోని కణాల ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి కట్టాడు థామ్సన్. ఏ లోహం వాడినా, ఏ వాయువు వాడినా అదే నిష్పత్తి. అంటే అన్ని పదార్థాల్లోనూ ఉన్న ముక్క ఒకటే. హైడ్రోజన్ పరమాణువు బరువులో అది 1,837వ వంతు ఉంటుందని ఇప్పుడు తెలుసు.

#12 కెమిస్ట్రీ టీచరమ్మ

థామ్సన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పుచ్చకాయలో గింజల్లా ఎలక్ట్రాన్లు అతుక్కుని ఉంటాయన్నాడని ఆయన్ని ఇప్పటికీ వెక్కిరిస్తారు. 1904 పేపర్‌లో ఆయన గింజలు కదలకుండా కూర్చోలేదు. ధనావేశ గోళం లోపల వలయాలుగా తిరుగుతుంటాయి, ఏ వలయంలో ఎన్ని ఉంటే నిలకడ అన్నది లెక్క కట్టి, ఆవర్తన పట్టికలో గుణాలు తిరిగి తిరిగి రావడాన్ని దానితో వివరించాలని చూశాడు. ఆ గోళం పోయింది గానీ ఎలక్ట్రాన్ల అమరికే రసాయన గుణాలకి మూలం అన్న ఆలోచన పోలేదు. అదే సంవత్సరం జపాన్‌లో నగావోకా మధ్యలో బరువైన ధనావేశం, చుట్టూ శనిగ్రహం వలయాల్లా ఎలక్ట్రాన్లు అన్నాడు.

#13 కొత్తగా చేరా

బంగారు రేకు ప్రయోగం మీద కూడా చెప్పండి. రూథర్‌ఫర్డ్ ఆల్ఫా కణాల్ని (రేడియోధార్మిక పదార్థాల నుంచి వేగంగా వచ్చే ధనావేశ కణాల్ని) రేకు మీదికి వదిలాడు, కొన్ని వెనక్కి వచ్చాయి, కేంద్రకం దొరికింది. అంతేనా, ఇంకేమైనా ఉందా?

#14 గ్రాఫ్‌పేపర్

ఉంది. మొదట, ఆ ప్రయోగం చేసినవాళ్ళు గైగర్, మార్స్‌డెన్. మాంచెస్టర్‌లో 1909లో. మార్స్‌డెన్‌కి అప్పటికి 20 ఏళ్ళు, ఇంకా డిగ్రీ కూడా పూర్తికాలేదు. ఇవాళ్టిలా మెషీన్ లెక్కపెట్టేది కాదు. చీకటి గదిలో కళ్ళు అలవాటు పడేదాకా కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా వచ్చే చిన్న మెరుపుని సూక్ష్మదర్శినిలోంచి చూస్తూ లెక్కపెట్టాలి. కాసేపటికే కళ్ళు మొరాయిస్తాయి.

రెండోది, అందరూ చెప్పే '8,000లో ఒకటి వెనక్కి వచ్చింది' అన్న లెక్క బంగారంతో వచ్చింది కాదు, ప్లాటినంతో వచ్చింది.

మూడోది, 'వెంటనే కేంద్రకం' అనేది సినిమా కథ. రెండేళ్ళు పట్టింది. ఒకే దెబ్బకి అంతగా తిరగాలంటే ఆవేశం అంతా 10⁻¹⁴ మీటర్ల స్థాయి చోటులో కుక్కి ఉండాలని 1911లో లెక్క తేల్చాడు రూథర్‌ఫర్డ్. పరమాణువు 10⁻¹⁰ మీటర్లు. అడ్డంగా పదివేల వంతు, ఘనపరిమాణంలో లక్ష కోట్ల వంతు. పైగా మధ్యలో ఉన్నది ధనావేశమో రుణావేశమో ఆ పేపర్ తేల్చలేదు! లెక్క రెండు రకాలుగానూ ఒకటే వస్తుంది. ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో ఆయన ఇచ్చిన సూత్రాన్ని 1913లో గైగర్, మార్స్‌డెన్ కోణం కోణంగా సరిచూశారు. అప్పటికి అది నిలబడింది.

#15 ఆదివారం పాఠకుడు

నిలబడింది అంటున్నారు గానీ, పడిపోవాలి కదా! తిరిగే ఎలక్ట్రాన్ కాంతిని వెదజల్లి శక్తి పోగొట్టుకుని కేంద్రకంలో పడాలి. ఎంతసేపట్లోనో కూడా లెక్క ఉందని చదివాను.

#16 గ్రాఫ్‌పేపర్

హైడ్రోజన్‌కి సుమారు 10⁻¹¹ సెకన్లు. అంటే పాత భౌతిక శాస్త్రం ప్రకారం మనమెవరం ఉండకూడదు.

1913లో బోర్ దీన్ని పరిష్కరించలేదు, పక్కన పెట్టాడు. కొన్ని కక్ష్యల్లో ఎలక్ట్రాన్ కాంతి వెదజల్లదు, అంతే, అన్నాడు. మొండితనమే. కానీ ఆ మొండితనంలోంచి బామర్ సూత్రం ఊడిపడింది. బామర్ ఒక బడిపంతులు. 1885లో హైడ్రోజన్ వర్ణపటంలోని నాలుగు గీతలు (656, 486, 434, 410 నానోమీటర్లు) ఒకే సూత్రంలో ఇముడుతాయని చూపించాడు. ఎందుకో 28 ఏళ్ళు ఎవరికీ తెలియలేదు.

బోర్‌ని నిజంగా నమ్మించింది ఇంకోటి. ఒక నక్షత్రం కాంతిలో 1896లో పికరింగ్ చూసిన గీతలు హైడ్రోజన్‌వే అనుకున్నారు. కాదు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు బోర్. అలాగైతే గీతల సూత్రంలోని స్థిరాంకం హైడ్రోజన్‌దానికి సరిగ్గా 4 రెట్లు ఉండాలి. ఫౌలర్ అనే వర్ణపట నిపుణుడు అడ్డుకున్నాడు: కొలిస్తే 4 కాదు, 4.0016 వస్తోంది, నీ సిద్ధాంతం నిలబడదు అని. బోర్ ఏం చేశాడు? కేంద్రకం కదలకుండా ఉంటుందని లెక్క సులువు కోసం అనుకున్నాను, నిజానికి అదీ కొద్దిగా కదులుతుంది, హీలియంది నాలుగింతలు బరువు కాబట్టి తక్కువ కదులుతుంది అని మళ్ళీ లెక్క వేశాడు. వచ్చింది 4.00163. వంక పెట్టడానికి తెచ్చిన అంకే సాక్షి అయ్యి కూర్చుంది.

#17 సందేహాలరాయుడు

అదిరింది. కానీ బోర్ కూడా తప్పే కదా చివరికి?

#18 నిదానం

ఈ 'తప్పు' అన్న మాట దగ్గరే పేచీ. రెండు ఎలక్ట్రాన్లున్న మామూలు హీలియంకే బోర్ లెక్క పనిచెయ్యలేదు. ఏ గీత ఎంత ప్రకాశంగా ఉంటుందో చెప్పలేకపోయింది. 1925లో హైజెన్‌బర్గ్, 1926లో ష్రోడింగర్ వచ్చాక కక్ష్యలే లేవన్నారు. ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంత అన్నది మాత్రమే చెప్పగలం. కానీ ష్రోడింగర్ సమీకరణం హైడ్రోజన్‌కి ఇచ్చిన శక్తి స్థాయిలు బోర్ ఇచ్చినవే. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలన్నది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అలాగే డాల్టన్ 'ఒక మూలకం పరమాణువులన్నీ ఒకే బరువు' అన్నది ఐసోటోపులతో (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువులతో) పోయింది, ఆయన 4 గ్రాములు 8 గ్రాముల లెక్క పోలేదు. గీసిన బొమ్మలు మారాయి, కట్టిన లెక్కలు మిగిలాయి.

#19 కెమిస్ట్రీ టీచరమ్మ

మోస్లీని మర్చిపోతే నేనూరుకోను. 1913, 1914లలో ఒక్కో మూలకం నుంచి వచ్చే ఎక్స్ కిరణాల్ని కొలిచాడు. వాటి పౌనఃపున్యానికి వర్గమూలం తీస్తే మూలకం మూలకానికీ సమానంగా ఒక్కో మెట్టు పెరుగుతోంది. ఆ మెట్టు సంఖ్యే కేంద్రకంలోని ఆవేశం, పరమాణు సంఖ్య. అప్పటిదాకా పట్టికలో అది వట్టి వరస నంబరు. బరువు చూస్తే కోబాల్ట్ (58.93) నికెల్ (58.69) తర్వాత రావాలి, గుణాలు చూస్తే ముందు రావాలి. మోస్లీ లెక్కలో కోబాల్ట్ 27, నికెల్ 28. వివాదం ఖతం. 43, 61, 75 నంబర్లు ఖాళీగా ఉన్నాయనీ తేలింది. 75 నంబరు 1925లో, 43 నంబరు 1937లో, 61 నంబరు 1945లో దొరికాయి.

ఆయన చూడలేదు. 1915 ఆగస్టులో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు, 27 ఏళ్ళకి.

#20 కొత్తగా చేరా

న్యూట్రాన్ మిగిలిపోయింది.

#21 కెమిస్ట్రీ టీచరమ్మ

చాడ్విక్, 1932. ఆవేశం లేని, ఇంచుమించు ప్రోటాన్ అంత బరువున్న కణం. హీలియం బరువు 4, ఆవేశం 2, ఆ మిగతా బరువు ఎక్కడిదన్న బాకీ అప్పుడు తీరింది.

#22 ఆదివారం పాఠకుడు

మరి ఇప్పుడైతే పరమాణువుల్ని చూస్తున్నారుగా? ఫొటోలు కూడా వచ్చాయి. మాక్ బతికుంటే ఒప్పుకునేవాడేమో.

#23 గ్రాఫ్‌పేపర్

1955లో ఎర్విన్ ముల్లర్ సన్నని లోహపు మొన మీద పరమాణువుల చుక్కలు చూపించాడు. 1981లో బిన్నిగ్, రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు చేశారు. అందులో సూదిమొన ఉపరితలానికి అతి దగ్గరగా కదులుతుంది. మధ్యలోని ఖాళీ 0.1 నానోమీటరు తగ్గితే కరెంటు సుమారు పదింతలవుతుంది. ఆ కరెంటు ఎగుడుదిగుళ్ళనే కంప్యూటర్ బొమ్మగా వేస్తుంది. కాబట్టి మాక్ అప్పుడు కూడా 'నువ్వు చూసింది కరెంటు, పరమాణువు కాదు' అని లాయర్ పాయింటు తీసేవాడు అనుకుంటున్నా.

#24 సందేహాలరాయుడు

చివరిగా ఒకటి. ఇంకా తేలనిది ఏమైనా మిగిలిందా, అంతా అయిపోయిందా?

#25 గ్రాఫ్‌పేపర్

అన్నిటికంటే సులువైన హైడ్రోజన్‌లోనే మిగిలింది. ప్రోటాన్ వ్యాసార్థం ఎంత? ఎలక్ట్రాన్లతో కొలిచిన పాత విలువ 0.877 ఫెమ్టోమీటర్లు (ఫెమ్టోమీటరు అంటే 10⁻¹⁵ మీటర్లు). 2010లో ఎలక్ట్రాన్ బదులు దానిలాంటిదే గానీ 207 రెట్లు బరువైన మ్యువాన్ అనే కణాన్ని ప్రోటాన్ చుట్టూ పెట్టి కొలిచారు. అది ప్రోటాన్‌కి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి సైజు బాగా పట్టిస్తుంది. వచ్చింది 0.842. నాలుగు శాతం తేడా, కొలతల్లో పొరపాటు అని సర్దుకోలేనంత.

2019లో ఎలక్ట్రాన్లతోనే జరిగిన కొత్త కొలతలు చిన్న విలువ వైపే మొగ్గాయి. అంతర్జాతీయ పట్టికలో కూడా ఇప్పుడు 0.84 పైచిలుకే ఉంది. అయితే ప్యారిస్ బృందం 2018లో ఎలక్ట్రాన్‌తో చాలా జాగ్రత్తగా చేసిన కొలత మాత్రం పాత 0.877 దగ్గరే ఆగింది.